మొండికేసిన డ్రైవు

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. కంప్యూటరుతో నా పరిచయం కౌంటరు పనిదాకానే. అటువంటివాణ్ణి ఈమధ్య ఒక ఆదివారమంతా స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చోవలసి వచ్చింది. దానికి కారణం మా నాయన గొంతు.

కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. నాయన ఛాంపియన్ రీఫ్‌లో టైం ఆఫీసు గుమాస్తా. ఇంట్లో ఊరికే కూర్చుని దిగులుపడుతున్నారని మరుసటి నెలలో టేప్ రికార్డరు ముందు పెట్టి, గని కబుర్లు చెప్పమన్నాను. మూడు కిలోమీటర్లు దాటిన లోతు, అక్కడి ఉడుకు, ‘ఎయిర్ బ్లాస్ట్’ వస్తే పైన ఇళ్ళల్లో గిన్నెలు కదలడం, గాలికి సైనైడ్ దిబ్బల దుమ్ము ఆరేసిన బట్టలమీద పడడం... అరవై నిమిషాల క్యాసెట్టు నిండిపోయింది. 2004లో దాన్ని సీడీకి ఎక్కించాను. 2009లో నాయన పోయారు. క్యాసెట్టుకు బూజు పట్టింది. మిగిలింది ఆ సీడీ ఒక్కటే.

తద్దినానికి ముందురోజు అమ్మ అడిగింది. “ఏంరా, మీ నాయన గొంతు వినిపిస్తానంటివే, ఏమాయె?”

సీడీ పెట్టాను. ట్రే వచ్చింది, పోయింది, దీపం కూడా వెలిగింది. కానీ తెరమీద డ్రైవు గుర్తే లేదు! రాబర్ట్‌సన్‌పేటలో తెలిసిన దుకాణం అబ్బాయికి ఫోన్ చేస్తే, “డ్రైవు పోయింటుంది సార్, ఇప్పుడు సీడీలు ఎవరు పెడతారు? కొత్తది బెంగళూరు నుంచి తెప్పించాల” అన్నాడు. తద్దినం రేపే.

బ్యాంకులో చేరిన కొత్తల్లో ఒక పెద్దాయన నాకు ట్రయల్ బ్యాలెన్సు కిటుకు నేర్పారు. తేడా తొమ్మిదితో భాగింపబడితే అంకెలు తారుమారయ్యాయేమో చూడు. తేడాలో సగం మొత్తం ఎక్కడైనా ఉంటే అది తప్పు వైపు పడిందేమో చూడు. ముందు తప్పు ఎక్కడ లేదో తేల్చుకో, అనేవారు. ఆ మాట నాకు కొంచెం ఆలస్యంగా గుర్తొచ్చింది. అప్పటికే ప్లగ్గు పీకి, పెట్టె విప్పి, డ్రైవు వెనకాల రెండు తీగలనూ (సన్నది సమాచారానిది, వెడల్పుది కరెంటుది) ఊడదీసి మళ్ళీ బిగించాను. ఫలితం లేదు.

నిజానికి ముందు చేయవలసింది బయోస్ చూడడం. యంత్రం వెలుగుతుండగానే ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కితే వస్తుంది. విండోస్ ఇంకా నిద్ర లేవకముందే ఏయే పరికరాలు తగిలించి ఉన్నాయో అక్కడ కనిపిస్తుంది. మా డ్రైవు పేరు అక్కడ నిక్షేపంగా ఉంది. అంటే డ్రైవు బాగుంది, తీగ బాగుంది. లోపం విండోస్ లెక్కల్లోనే. డివైస్ మేనేజర్‌లో చూస్తే డ్రైవు పక్కన పసుపుపచ్చ గుర్తు, కోడ్ 39. అక్కడ దాన్ని తీసేసి యంత్రాన్ని మళ్ళీ వెలిగించినా అదే గుర్తు.

పక్కింటి ఇంజనీరింగ్ కుర్రాణ్ణి పిలిచాను. “అంకుల్, సీడీలు రాసే పాత సాఫ్ట్‌వేర్ ఏదైనా ఈమధ్య తీసేసినారా?” అన్నాడు. తీసేశాను, ఎందుకులే అని.

అటువంటి సాఫ్ట్‌వేర్ డ్రైవుకూ విండోస్‌కూ మధ్య తన మనిషిని కూర్చోబెడుతుందట. రిజిస్ట్రీలో అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్ అని రాసి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ పోయినా ఒక్కోసారి ఆ రాత మిగిలిపోతుంది. ఇది నాకు వెంటనే బోధపడింది. ఉమ్మడి సంతకాల ఖాతాలో ఒకాయన బదిలీ అయిపోయాడు. సంతకం కార్డు మాత్రం మార్చలేదు. ఇంక చెక్కు ఎలా చెల్లుతుంది?

రెజ్‌ఎడిట్ తెరిచి, కంట్రోల్ కింద క్లాస్‌లో 4డి36ఇ965తో మొదలయ్యే పద్దు వెదికాం. అది సీడీ, డీవీడీ డ్రైవులది. ముందు దాని నకలు ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకున్నాం. ఇక్కడ మాత్రం తొందర కూడదు, పక్క పద్దు చెరిపితే యంత్రమే లేవకపోవచ్చు. అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్ రెండూ తీసి, యంత్రం ఆపి వెలిగించాం. డ్రైవు వచ్చింది!

సీడీ మాత్రం మొదట తిరగనంది. మెత్తటి బట్టతో మధ్యనుంచి అంచుకు తిన్నగా తుడిచాను. గుండ్రంగా తుడిస్తే గీత అక్షరాల బాటవెంటే పడుతుంది. పేరు రాసే వైపు ఇంకా సున్నితం. సమాచారం ఆ పైపూత కిందనే ఉంటుంది. రెండోసారి పాడింది.

అమ్మ కుర్చీ దగ్గరకు లాక్కుంది. నాయన కేజ్‌లో దిగడం చెబుతున్నారు. నడుమ వంటింట్లోంచి ఎవరో, “కాఫీ పెట్టినా, ఆరిపోతాది, రాండి!” అన్నారు.

అమ్మ ఉలిక్కిపడింది. “ఎవర్రా అది?”

“నువ్వే అమ్మా.”

ఆమె ఆ ముక్క మూడుసార్లు వేయించుకుంది. చివరి నాలుగు నిమిషాలు ఇప్పటికీ రావడం లేదు. మిగిలినదంతా కంప్యూటరులోకి ఎక్కించి, ఒక పెన్‌డ్రైవు చెల్లెలికి పంపాను. ఆ నాలుగు నిమిషాలకోసం పక్కింటి కుర్రాడు వాళ్ళ కాలేజీలో ఇంకో డ్రైవులో పెట్టి చూస్తానన్నాడు. సీడీ వాడి చేతికివ్వడానికి అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.