అమీర్‌పేట సందుల్లో నాటుకోళ్లు: పులిసిన దాణా ఎలా పెట్టాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి

అమీర్‌పేట అనగానే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, మెట్రో జంక్షన్ గుర్తొస్తాయి. కానీ బల్కంపేట, ఎల్లారెడ్డిగూడ, బీకే గూడ సందుల్లోకి వెళ్తే తెల్లారుజామున కోడి కూత ఇంకా వినిపిస్తుంది. పంజాగుట్ట వైపు పాత ఇళ్ల వెనక కూడా నాలుగైదు కోళ్లు తిరుగుతూ ఉంటాయి. పైన వీడియోలో మీరు చూసేది అలాంటి ఇళ్లే.

ఊళ్లో కోడి పేడకుప్ప గెలుకుతుంది, పురుగులు ఏరుకుంటుంది, కల్లంలో గింజలు తింటుంది. ఇక్కడ సిమెంటు నేల, గోడకీ గోడకీ మధ్య సందు. మనం వేసిందే దాని తిండి. కాబట్టి వేసే గుప్పెడు దాణా ఒంటికి పట్టాలి, వృథా కాకూడదు, పక్కింటికి వాసన పోకూడదు. ఈ మూడింటికీ పులిసిన దాణా బాగా పనికొస్తుంది, పద్ధతిగా చేస్తేనే.

ఇది మనకు కొత్త కాదు

కోస్తాలో తరవాణి కుండ, తెలంగాణలో కుడితి గోలెం. రెండిట్లోనూ జరిగేది పులియడమే. బల్కంపేటలో ఒక పెద్దమ్మకి బకెట్ చూపిస్తే నవ్వింది. "గిదేం కొత్త బిడ్డా? మా గోలెంల తవుడు గిట్లనే పులిసేది. బర్రెకు పోసినంక అడుగుది కోళ్లకు ఏసేటోళ్లం" అంది. డెన్మార్క్, నెదర్లాండ్స్‌లో పందుల ఫారాల్లో కూడా పులియబెట్టిన ద్రవ దాణా వాడుతున్నారు.

గింజల మీద సహజంగానే లాక్టిక్ ఆమ్లం తయారుచేసే సూక్ష్మజీవులు ఉంటాయి. నీళ్లలో నానితే అవి పెరిగి దాణాని పుల్లబరుస్తాయి. పీహెచ్ 4 దగ్గరికి దిగితే సాల్మొనెల్లా, ఈ-కోలి లాంటివి పెరగడం కష్టం. ఇంకో లాభం భాస్వరం. గింజల్లో ఉండే భాస్వరంలో ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో బంధించి ఉంటుంది, కోడి దాన్ని సరిగా అరిగించుకోలేదు. నానడం, పులియడం వల్ల అందులో కొంత విడుదలవుతుంది.

జీవామృతం చేసే మిత్రులకి ఒక మాట. అది నేలకి, ఇది కడుపుకి. దీంట్లో పేడ, మూత్రం, బెల్లం ఏవీ వద్దు.

పది పెద్ద కోళ్లకి ఒక రోజు దాణా

- మొక్కజొన్న రవ్వ 400 గ్రాములు
- నూకలు 150 గ్రాములు
- తవుడు 150 గ్రాములు
- సజ్జలు లేదా జొన్నలు 100 గ్రాములు
- సోయా చెక్క 200 గ్రాములు

మొత్తం కిలో. మాంసకృత్తులు దాదాపు 17 శాతం వస్తాయి, గుడ్లు పెట్టే కోడికి సరిపోతుంది. పచ్చి సోయా గింజలు మాత్రం వేయొద్దు. వాటిలో జీర్ణాన్ని అడ్డుకునే పదార్థం ఉంటుంది, వేడి చేస్తేనే పోతుంది. పులియబెడితే పోతుందని నమ్ముకోవద్దు.

1. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. ముందు రాత్రే పట్టి మూత లేకుండా ఉంచండి.
2. స్టీలు గిన్నె గానీ, తినే వస్తువులకి వాడే ప్లాస్టిక్ బకెట్ గానీ తీసుకోండి. రాగి, ఇత్తడి, అల్యూమినియం వద్దు, పులుపుకి లోహం దిగుతుంది.
3. దాణా పోసి, పైన రెండు వేళ్ల ఎత్తు నీళ్లు నిలిచేలా పోయండి. తవుడు నీళ్లు పీల్చేస్తుంది, సాయంత్రం చూసి మళ్లీ పోయాలి.
4. మొదటిసారి రెండు చెంచాల పుల్ల మజ్జిగ తోడు వేయండి. తర్వాత నుంచి పాత బకెట్ నీళ్లు ఒక కప్పు తోడుగా చాలు.
5. బట్ట కట్టి నీడలో పెట్టి, రోజుకి రెండుసార్లు కలపండి.

ఏప్రిల్, మే ఎండల్లో 24 గంటలకే తయారు. వానాకాలం ఒకటిన్నర నుంచి రెండు రోజులు, చలికాలం మూడు రోజుల దాకా పట్టొచ్చు. దోశ పిండిలా సన్నటి పుల్లవాసన రావాలి. పైన పలచగా తెల్లటి పొర కడితే కలిపేయొచ్చు. నూగులాంటి బూజు, ఆకుపచ్చ, నలుపు, గులాబీ మచ్చలు, కుళ్లు వాసన... వీటిలో ఏది కనిపించినా బకెట్ మొత్తం పారబోయాలి. పైపైన తీసేసి పెట్టడం వద్దు.

నీళ్లు వడగట్టి, పిడికిట్లో ఉండ కట్టేంత తడితో వేయండి. కొలత మాత్రం ఎప్పుడూ పొడి దాణాతోనే. కిలో పొడి దాణా నానితే రెండు కిలోలు దాటుతుంది. తడి బరువు చూసి "వంద గ్రాములు వేశా" అనుకుంటే కోడి సగం ఆకలితో ఉంటుంది, గుడ్లు తగ్గాక గానీ తెలియదు. ఆల్చిప్పల పొడి, సన్న రాళ్లు వేరే గిన్నెలో పెట్టండి. మంచినీళ్లు ఎప్పుడూ ఉండాలి.

పిల్లలకి ఇలా కాదు

పిల్లలకి 20 శాతం దాకా మాంసకృత్తులు కావాలి. పై మిశ్రమం వాటికి చాలదు. చిక్ స్టార్టర్ మ్యాష్ తెచ్చి దాన్నే పులియబెట్టండి, అదీ 24 గంటలకి మించకుండా. మొదటి మూడు రోజులు పొడి దాణానే. నాలుగో రోజు నుంచి చెంచాడు పులిసింది పక్కన పెట్టి అలవాటు చేయండి.

పిల్లలకి అసలు ప్రమాదం తడి. ఈకలకి అంటితే చలికి ముడుచుకుపోతాయి. మొదటి వారం బల్బు కింద 34, 35 డిగ్రీలు ఉండాలి, తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. ఊక తడిస్తే కాక్సీడియోసిస్, అంటే రక్త పారుడు. తడి దాణా వాడేవాళ్లు గిన్నె కింద అట్ట పెట్టి, తడిసిన ఊక ఏ రోజుకారోజు తీసేయాలి.

హాస్టల్ అన్నం, పక్కింటి ముక్కు

అమీర్‌పేటలో హాస్టల్ అన్నం బకెట్లకొద్దీ ఊరికే దొరుకుతుంది. దాంట్లో ఉప్పు, నూనె, మసాలా ఉంటాయి. ఎక్కువ ఉప్పు కోడికి విషమే. పైగా వండిన కూర కలిసిన అన్నం ఎండకి పుల్లబడదు, కుళ్లుతుంది. దాన్ని ఈ బకెట్లో కలపొద్దు.

బస్తీలో కోళ్లు ఉండాలా వద్దా అనేది చాలాసార్లు పక్కింటివాళ్ల ఓపిక మీదే నడుస్తుంది. గంటలో తినేంతే వేసి, మిగిలింది తీసేసి, గిన్నె కడిగేయండి. రోజుకి సరిపడా చిన్న బకెట్లు రెండు మూడు మార్చి మార్చి వాడితే వాసన, ఈగలు రెండూ అదుపులో ఉంటాయి.

పులుపు పోగొట్టలేనివి

మొదటిది అఫ్లాటాక్సిన్. వానాకాలం చెమ్మకి మొక్కజొన్నకి, వేరుశనగ చెక్కకి బూజు పడితే తయారయ్యే విషం ఇది. కాలేయాన్ని దెబ్బతీస్తుంది, పిల్లలు ముందు పోతాయి. పులియబెడితే ఆ విషం పోతుందని లెక్క వేసుకోవద్దు, పుల్లవాసన ముక్క వాసనని కప్పేస్తుంది అంతే. కాబట్టి నానబెట్టకముందే గింజ వాసన చూడండి. చవకగా వచ్చిందని బూజు చెక్క కొనొద్దు.

రెండోది కొక్కెర తెగులు. ఏ పులిసిన దాణా పెట్టినా ఇది ఆగదు. 5 నుంచి 7 రోజుల మధ్య లాసోటా చుక్క, నాలుగో వారంలో మళ్లీ ఒకసారి, 8 వారాలకి ఆర్‌టూబీ సూది వేయించాలి. దగ్గర్లోని పశువుల ఆసుపత్రిలో అడగండి. సందులో ఒక్క ఇంట్లో తెగులు వస్తే అన్ని ఇళ్ల కోళ్లూ పోతాయి, కాబట్టి నలుగురూ కలిసి వేయించుకోవడం మంచిది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పిల్లల కోసం రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థని సంప్రదించొచ్చు. 1988లో మొదలైన ఈ సంస్థే పెరటి పెంపకానికి వనరాజా, గ్రామప్రియ రకాలు తయారుచేసింది. వనరాజా మాంసానికీ గుడ్లకీ, గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకి.

చివరగా, "దాణా ఖర్చు సగమవుతుంది" అనే మాటలు నమ్మొద్దు. మ్యాష్ దుమ్ము నేలపాలు కాదు, రెట్ట కొంచెం గట్టిపడుతుంది, కోళ్లు ఇష్టంగా తింటాయి. నేను చూసిన లాభం ఇది. ముందు పావుకిలోతో మొదలుపెట్టి, రెండు వారాలు గుడ్లు, రెట్ట గమనించి, ఆ తర్వాతే అన్ని కోళ్లకీ పెంచండి.