పాటలలో పలుకుబడులు

పరభాషను నేర్చుకొనుట రెండు విధములు. వ్యాకరణము చదివి, పదములకు అర్థములు వల్లించి నేర్చుకొనుట ఒకటి. ఆ భాషను మాటలాడువారి నోట విని నేర్చుకొనుట రెండవది. మొదటిది కంటి చదువు, రెండవది చెవి చదువు. ఇంగ్లీషు విషయమున మనకు కంటి చదువే యెక్కువ. చెవి చదువు లేని లోటును రాక్ పాటలు కొంతవరకు తీర్చగలవని నాకు తెలిపినవాడు నా శిష్యుడొకడు. ఆ వృత్తాంతమును చెప్పెదను.

సుమారు ముప్పదియైదేండ్ల క్రిందట, మా పాఠశాలలో చదివిన ఒక చేనేతకారుని కుమారుడు నగరములోని ఇంజనీరింగు కళాశాలలో చేరెను. అతడు ఇంగ్లీషు పరీక్షలలో ఎప్పుడును మంచి మార్కులే తెచ్చుకొన్నవాడు. అయినను నెల తిరుగకముందే పెట్టె బేడాతో ఇంటికి వచ్చివేసెను. “మాస్టారూ! పుస్తకములో చూచినచో అంతయు అర్థమగుచున్నది. అదే మాట అధ్యాపకులు నోటితో చెప్పినచో ఒక్క ముక్కయు అందుట లేదు. చదువు మానివేసి నాన్నతోపాటు మగ్గము నేసికొందును” అని కన్నీరు పెట్టుకొనెను. సంక్రాంతి వరకైన ఓపిక పట్టుమని బ్రతిమాలి తిరిగి పంపితిని.

సంక్రాంతికి అతడు నవ్వుమొగముతో వచ్చెను. చేతిలో ఒక నోటుపుస్తకము. తన గదిలోని తోడివాడు టేపురికార్డరుపై రాక్ పాటలు వినుచుండెడివాడనియు, మొదట చెవులు మూసికొనెడి తాను క్రమముగా ఆ పాటలలోని మాటలను వ్రాసికొన సాగితిననియు చెప్పెను. “ఆ కేకలలో భాష యేమున్నది నాయనా?” అని నేనంటిని. అతడు మారు పలుకక పుస్తకము నా చేతికిచ్చెను.

మొదటి పుటలోనే “గడియారము చుట్టు” అని వ్రాసి కొట్టివేసి యుండెను. 1954లో బిల్ హేలీ బృందము రికార్డు చేసిన ‘రాక్ ఎరౌండ్ ది క్లాక్’ అను పాటను గూర్చినది ఆ పుట. నడుమ ఒక గడియారమునుంచి, దాని చుట్టును జనులు నాట్యమాడుచున్నారని మావాడు తొలుత భావించెనట! నిఘంటువు చూడగా ‘ఎరౌండ్ ది క్లాక్’ అనగా ‘రేయింబవళ్ళు’ అని తెలిసినది. పదముల అర్థములను కూడినంత మాత్రమున పలుకుబడికి అర్థము రాదు. మన ‘చెవిలో ఇల్లు కట్టుకొని పోరుట’ అను మాటను పరభాషవాడు పదము పదముగా విడదీసినచో అతనికి కానవచ్చునది ఇల్లే కాని, ఎడతెగని పోరు కాదు గదా!

ఈ రాక్ సంగీతము అమెరికాలో 1950వ దశకమున వృద్ధి పొందినది. నల్లజాతివారి బ్లూస్ మొదలైన గానరీతులును, పల్లెపట్టులలోని కంట్రీ సంగీతమును దీనికి మూలములు. రాక్ అనగా ఊగుట, రోల్ అనగా దొర్లుట. అలలపై ఓడ ఊగుటను వర్ణించుటకు ఈ రెండు పదములను జంటగా వాడెడివారు. బ్లూ అనగా నీలిరంగని మీకు తెలియును. కాని ఇంగ్లీషులో మనస్సు ‘బ్లూ’గా నున్నదనినచో దిగులుగా నున్నదని భావము. బ్లూస్ అను దుఃఖగానమునకు పేరు అందుండి వచ్చినదే. మన ‘నీలివార్త’ యన్ననో కల్లవార్త. రంగు ఒక్కటే, కాని ఒక జాతికి అందు దుఃఖము తోచినది, మరియొక జాతికి అసత్యము తోచినది.

ఒక్కొక్క పలుకుబడి వెనుక పెద్ద చరిత్రయు ఉండును. దొర్లెడి రాయికి నాచు పట్టదని ఇంగ్లీషువారి పాత సామెత. నిలుకడ లేనివానికి ఏదియు కూడదని కొందరును, చురుకైనవానికి తుప్పు పట్టదని కొందరును దానికి అర్థము చెప్పుదురు. ఆ ‘రోలింగ్ స్టోన్’ అను మాటను 1950లో మడ్డీ వాటర్స్ అను బ్లూస్ గాయకుడు తన పాటకు పేరుగా పెట్టెను. 1962లో లండనులో ఏర్పడిన ఒక బృందము ఆ పాటనుండి ‘రోలింగ్ స్టోన్స్’ అని తన పేరు గ్రహించెను. 1965లో బాబ్ డిలన్ ఆ ఉపమానమునే తీసికొని, సిరిసంపదలు కోల్పోయి దిక్కులేనిదైన ఒక యువతిని గూర్చి పాట కట్టెను. ఇట్టి గేయరచనకే 2016లో ఆయనకు సాహిత్యమున నోబెల్ బహుమానము లభించినది.

పదములకన్న ముఖ్యమైనది ఉచ్చారణ. మన ఛందస్సునకు గురులఘువులు ఎట్లో, ఇంగ్లీషు మాటకు ఊనిక అట్లు. ‘ఫోటోగ్రాఫ్’ అనునపుడు మొదటి అక్షరముపై ఊనిక నిలుచును. ‘ఫొటాగ్రఫీ’ అనునపుడు అది రెండవ అక్షరమునకు జరుగును. వాక్యములో ముఖ్యపదములు గట్టిగా పలుకబడును, చిన్నపదములు నలిగిపోవును. ‘గోయింగ్ టు’ అనునది ‘గొన్నా’ యగుట ఇందుచేతనే. మావాడు తరగతిలో తెల్లబోవుటకును ఇదియే కారణము. అతడు ప్రతి పదమును పుస్తకములో నున్నట్లు విడివిడిగా వినగోరెను, అధ్యాపకులు కలిపి పలికిరి. రాక్ పాటలో ఆవృత్తమునకు సాధారణముగా నాలుగు దెబ్బలు. ఊనికగల అక్షరములు తరచుగా ఆ దెబ్బలపై పడుచుండును. కావున పాటను వినువాని చెవికి ఊనిక తనంత తానే పట్టుబడును.

పుస్తకము చదువుచుండగా నాకు నా బాల్యము జ్ఞప్తికి వచ్చినది. మా తాతగారు నాకు అమరకోశము వల్లె వేయించిరి. అమరసింహుడు మూడు కాండములుగా, సుమారు 1500 శ్లోకములలో రచించిన ఆ గ్రంథము నిఘంటువే కదా! తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమును పద్యములలోనే కూర్చెను. లయలో ఇమిడిన మాట మరపునకు రాదని మన పెద్దలు ఎరుగుదురు. నేను కేకలని త్రోసివేసినదానిలో నా శిష్యుడు మా తాతగారి పద్ధతినే కనుగొనెను. ఆ దినమున నేనే విద్యార్థినైతిని.

అయినను ఒక హెచ్చరిక చేయవలసియున్నది. పాట వ్యాకరణ గ్రంథము కాదు. రోలింగ్ స్టోన్స్ బృందము 1965లో పాడిన ‘సాటిస్ఫాక్షన్’ అను ప్రసిద్ధగీతమున రెండు నిషేధములు ఒకేచోట వచ్చును. జనుల వాడుకలో అది నొక్కి చెప్పుట. మీరు పరీక్షలో ‘ఐ డోంట్ హావ్ నో బుక్స్’ అని వ్రాసినచో తప్పు, ‘ఎనీ బుక్స్’ అనవలయును. మరికొన్ని మాటలు కవులు కల్పించినవి. బీటిల్స్ బృందము 1964లో పాడిన ‘ఎ హార్డ్ డేస్ నైట్’ అను పాటకు పేరు వారి డ్రమ్ము వాద్యకారుడు రింగో స్టార్ నోట జారిన మాట. దీర్ఘముగా పనిచేసిన పిమ్మట, కష్టమైన దినమనబోయి, అప్పటికే చీకటి పడుట చూచి రాత్రి యని చేర్చెనట! అందమైన మాటయే కాని, అది తరతరములుగా వాడుకలోనున్న జాతీయము కాదు.

ఆ యువకుడు అనుసరించిన పద్ధతి సులభమైనది. వారమునకు ఒకే పాట. మొదట కాగితము చూడక వినవలయును. వినబడినది వినబడినట్లు వ్రాయవలయును. పిదప అచ్చుప్రతితో సరిచూచి, చెవి ఎచ్చట మోసపోయెనో గుర్తింపవలయును. తెలియని పలుకుబడికి నిఘంటువులో అర్థము వెదకి, దానితో సొంతముగా ఒక వాక్యము కట్టవలయును. ఆ మాట వ్రాతకు తగునా, స్నేహితులతో ముచ్చటకే తగునా యని గురువులను అడిగి తెలిసికొనవలయును. కడపట పాటతో గొంతు కలిపి పాడవలయును.

ఆ యువకుడు చదువు మానలేదు. పట్టము పుచ్చుకొని వచ్చిన దినమున నోటుపుస్తకమును పాఠశాలకు ఇచ్చిపోయెను. నేను విశ్రాంతి పొందునంతవరకు నగరమునకు చదువ పోవు పిల్లలకు దానిని చూపుచు వచ్చితిని. అందరును మొదటి పుటలోని గడియారమును చూచి నవ్వెడివారు. బాలబాలికలారా! మీరును నవ్వుడు, కాని ఆ కొట్టివేతను చూచి ధైర్యము తెచ్చుకొనుడు. తప్పుగా వినుటకు సిగ్గుపడనివానికే పరభాష పట్టుబడును.