నిండితే బతికేది, నిండితే ముసలయ్యేది

రైలు ఆగినా పెట్టెలో దీపం ఆరకూడదు. ఇరుసుతో పాటు తిరిగే ఆల్టర్నేటర్ బండి పరుగులో ఉన్నంతసేపే కరెంటిస్తుంది. స్టేషన్లో నిలబడ్డాక భారమంతా పెట్టె అడుగున ఉన్న బ్యాటరీలదే. డాబా మీది సోలార్ పలకల సంగతీ అంతే, పొద్దున్నంతసేపే వాటి రాబడి. అందుకే సోలార్ బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలంటే ఏం చేయాలని అడిగేవాళ్లకు నేను ముందు రైలు బ్యాటరీ గురించే చెబుతాను. ఈ మాట ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వేతో పెరిగిన ఊరది. రైలు పనుల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడున్నాయి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు అదే కేంద్రం.

రైలు పెట్టెలోని సీసపు బ్యాటరీకి మూలపురుషుడు ఫ్రాన్సువాడైన గాస్తోన్ ప్లాంతే. 1859లో రెండు సీసపు రేకులను ఒకదానికొకటి తగలకుండా చుట్టచుట్టి పలచని గంధకామ్లంలో ముంచాడు. ఎక్కించిన కరెంటును అది దాచుకుంది, అడిగినప్పుడు తిరిగిచ్చింది. మళ్లీ మళ్లీ చార్జి చేసుకోగల మొదటి బ్యాటరీ అది. 1881లో కమిల్ ఫోర్ సీసపు ఆక్సైడు ముద్దను రేకులకు పట్టించి దాని సత్తువ పెంచాడు. ఆ ఏడాదే లండన్, బ్రైటన్ మధ్య తిరిగే ఒక పుల్‌మన్ పెట్టెలో దానితో దీపాలు వెలిగించారు. పుట్టిన ఇరవై రెండేళ్లకే రైలెక్కింది.

సీసపు బ్యాటరీ వాడకం వల్ల కంటే ఖాళీగా పడి ఉండటం వల్లే ఎక్కువగా చెడిపోతుంది. చార్జి దిగుతున్నకొద్దీ రెండు రేకుల మీదా లెడ్ సల్ఫేటు ఏర్పడుతుంది. అప్పుడది సన్నని పొడిలా ఉంటుంది, వెంటనే చార్జి చేస్తే కరిగి మళ్లీ సీసం, సీసపు ఆక్సైడు, ఆమ్లం అయిపోతుంది. రోజుల తరబడి వదిలేస్తే చిన్న స్ఫటికాలు కలిసి పెద్దవై గట్టిపడతాయి. వాటిని మామూలు చార్జింగు కదిలించలేదు. ఆ మేరకు రేకు పనికిరాకుండా పోయినట్టే. ఈ జబ్బును హైడ్రోమీటర్ ముందే పసిగడుతుంది. రైలు దీపాల బ్యాటరీలో నిండు చార్జి మీద యాసిడ్ సాంద్రత సుమారు 1.22 ఉంటుంది. చార్జింగు పూర్తయ్యాక కూడా ఏ సెల్లయినా అంత దాకా ఎక్కకపోతే దాన్ని అనుమానించాలి.

సోలార్ దగ్గర ఇక్కడే చిక్కు. సీసపు బ్యాటరీ మొదటి ఎనభై శాతం చురుగ్గా నిండుతుంది. మిగిలిన ఇరవైకి కరెంటు తగ్గుతూ తగ్గుతూ గంటలు పడుతుంది. శ్రావణమాసపు మబ్బుల్లో ఆ గంటలు దొరకవు. బ్యాటరీ రోజూ ముప్పావు దగ్గరే ఆగి, రాత్రికి మళ్లీ దిగిపోతుంది. దుకాణంవాడు బ్యాటరీ మంచిది కాదంటాడు, నిజానికి దానికి కడుపు నిండలేదు. సగానికి మించి దించకుండా, వీలైనన్ని రోజులు పూర్తిగా నింపితే అదే బ్యాటరీ ఏళ్లు నిలుస్తుంది.

ఇప్పుడు లిథియం వచ్చింది. బిలాస్‌పూర్ నుంచి ముంబై వైపు వెళ్లే లైన్లోనే ఉన్న రాజ్‌నంద్‌గావ్‌లో, 2024 ఫిబ్రవరిలో సోలార్ ఎనర్జీ కార్పొరేషన్ 100 మెగావాట్ల సౌర కేంద్రానికి 120 మెగావాట్ గంటల బ్యాటరీ నిల్వను జోడించి ప్రారంభించింది. 40 మెగావాట్ల చొప్పున మూడు గంటలు ఇవ్వగల నిల్వ అది. బొగ్గు కరెంటుకు పేరుపడ్డ రాష్ట్రంలో పగటి ఎండను సాయంత్రానికి దాచిపెట్టడం నాకెంతో ముచ్చటగా తోస్తుంది.

లిథియం గుణం వేరు. లోపలి గ్రాఫైట్ ధ్రువం మీద ఒక పలచని పొర ఉంటుంది. అది పెరిగేకొద్దీ పనిచేయాల్సిన లిథియం అందులో చిక్కుపడిపోతుంది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు, వేడిగా ఉన్నప్పుడు ఆ పొర త్వరగా పెరుగుతుంది. సీసాన్ని బతికించే నిండుదనమే దీన్ని ముసలిదాన్ని చేస్తుంది. ఇరవై, ఎనభై శాతాల మధ్య తిప్పితే ఎక్కువ కాలం మన్నుతుంది. సీసానికి పెట్టిన చార్జింగు సెట్టింగును మార్చకుండా ఇన్వర్టర్‌కు లిథియం బ్యాటరీ తగిలిస్తే డబ్బు పోసి కొన్న ఆయుష్షును చేజేతులా తగ్గించుకున్నట్టే.

ఇళ్లలో వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. చార్జి ఎనభై ఉన్నా నలభై ఉన్నా దాని వోల్టేజి దాదాపు ఒకేలా ఉంటుంది. అందుకే బ్యాటరీతో వచ్చే నియంత్రణ సర్క్యూటు లోపలికెళ్లిన కరెంటునూ బయటికొచ్చినదాన్నీ లెక్కేస్తూ శాతం చెబుతుంది. ఆ లెక్క మెల్లగా తప్పుతుంది. అప్పుడప్పుడూ నూరు శాతం నింపితే లెక్క సరిపడుతుంది, సెల్లులన్నీ ఒక మట్టానికి వస్తాయి. నిండాక రోజుల తరబడి అలాగే ఉంచకపోతే చాలు.

బిలాస్‌పూర్‌లో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ వేడి రెండు రకాలకూ చేటే కాబట్టి రేకుల షెడ్డు కింద ఏదీ పెట్టకూడదు. వేసవి సెలవుల్లో ఇల్లు తాళం వేసి ఊరెళ్లేవాళ్లు సీసపు బ్యాటరీనైతే నిండా చార్జి చేసి సోలార్ చార్జరుకే వదిలిపెట్టాలి. లిథియాన్నయితే సగానికి దించి స్విచ్చి ఆపేసి వెళ్లాలి.