సూత్రధారి అధికారం ఎంతవరకు?

1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను ప్రకటించారు. బల్ల చుట్టూ కూర్చున్నవారు ఒక్కొక్క పాత్రను ధరించి, మాటలతోనే కథ నడుపుతారు. వారిలో ఒకరు గేమ్ మాస్టర్. మన నాటకంలోని సూత్రధారికి దగ్గరివాడు. లోకాన్ని వర్ణించేదీ, శత్రువుల పక్షాన పలికేదీ, నియమాలపై తీర్పు చెప్పేదీ అతడే. 1979లో గైగాక్స్ వ్రాసిన మార్గదర్శక గ్రంథం తుది నిర్ణయాన్ని అతనికే అప్పగించింది.

మరి ఈ అధికారానికి హద్దు లేదా? ఉన్నది. వంతెన కూలినదని అతడు చెప్పవచ్చును. ఏరు ఈదడమో, వెనుదిరగడమో పాత్రధారి ఇష్టం. ఫలితం సందిగ్ధమైనచోట పాచిక తీర్పు చెబుతుంది. తాను ముందుగా అల్లుకున్న కథ చెడుతుందనే భయంతో పాచికను మరుగుపరచి, ఎటు నడిచినా ఒకే దారికి మళ్ళించినట్లయితే, ఎదుట కూర్చున్నవారు ఆటగాళ్ళు కారు, శ్రోతలు మాత్రమే. 2010లో వెలువడిన 'అపోకలిప్స్ వరల్డ్' గేమ్ మాస్టర్ ప్రవర్తనకే నియమాలు విధించినది. అతని చేతికి పాచిక ఇవ్వనే లేదు.

నవలాకారుడు ప్రశ్ననూ, జవాబునూ తానే కల్పిస్తాడు. ఇక్కడ ప్రశ్న మాత్రమే అతనిది. ఇతరుల జవాబును కథగా అంగీకరించగల ఓర్పు రచయితలమైన మనకు అంత సులభంగా అలవడేది కాదు.