సెర్న్ డిటెక్టర్‌లో అవిసె నూనెకు పనేంటి? ఆరకపోతే ఏమవుతుందో చూపించిన అమెరికా ప్రయోగం!

స్విట్జర్లాండ్-ఫ్రాన్స్ సరిహద్దులో, భూమికి 100 మీటర్ల లోతున 14 వేల టన్నుల యంత్రం ఒకటుంది. పేరు సీఎంఎస్. 2012లో హిగ్స్ బోసాన్‌ను పట్టిచ్చిన రెండు డిటెక్టర్లలో ఇదొకటి. ఇంత పెద్ద యంత్రంలో మ్యూయాన్లనే కణాలను పసిగట్టే ఒక భాగం దేనితో చేశారో తెలుసా? బేకలైట్ పలకలతో! పాతకాలం స్విచ్‌లు చేసిన బేకలైట్ లాంటిదే.

దీన్ని ఆర్‌పీసీ అంటారు. రెండు పలకల మధ్య 2 మిల్లీమీటర్ల సందు. అందులో ఎక్కువ భాగం ఏసీల్లో వాడే ఆర్-134ఏ గ్యాస్. పలకలకు దాదాపు 10 వేల వోల్టులు ఇస్తారు. మ్యూయాన్ దూసుకెళ్తే గ్యాస్‌లో ఎలక్ట్రాన్లు వరదలా పెరిగి సిగ్నల్ వస్తుంది.

పలక లోపలివైపు కాస్త గరుకున్నా లీకేజీ కరెంట్ పెరుగుతుంది. అందుకే అవిసె నూనె పూస్తారు. ఆరితే వార్నిష్‌లా నున్నగా గట్టిపడుతుంది. మరి ఆరకపోతే?

అమెరికాలోని బాబర్ ప్రయోగంలో అదే జరిగింది. 1999 వేసవిలో హాలు వేడెక్కింది. ఆర్‌పీసీల్లో లీకేజీ పెరిగి, కణాలను గుర్తించే శక్తి పడిపోయింది. చల్లబరిచినా మునుపటిలా కోలుకోలేదు. విప్పి చూస్తే, సరిగా ఆరని నూనె చుక్కలు కట్టి పలకల మధ్య వంతెన వేసింది! చివరికి చాలావాటిని మార్చాల్సి వచ్చింది. తప్పు చిన్నదే, మూల్యం మాత్రం కొన్నేళ్లు.

అందుకే తర్వాత తయారైన వాటికి పూత పలుచన చేశారు, పరీక్షలు పెంచారు. ముందు గ్యాస్ లీకేజీ చూస్తారు. సందు ఒకేలా ఉండేందుకు పలకల మధ్య అంటించిన బిళ్లలను ఒక్కొక్కటిగా నొక్కుతారు. జిగురు ఊడి ఉంటే లోపలి పీడనం మారి దొరికిపోతుంది. ఆ తర్వాత వోల్టేజీ పెంచుతూ లీకేజీ కరెంట్ కొలుస్తారు.

అసలు పరీక్ష ఆఖర్న ఉంటుంది. దానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు, ఆకాశం చాలు. కాస్మిక్ కిరణాల వల్ల పుట్టిన మ్యూయాన్లు మనందరి మీదా పడుతూనే ఉంటాయి. ఇది చదువుతున్న మీ అరచేతిలోంచి కూడా సెకనుకు దాదాపు ఒకటి వెళ్తోంది. ఆర్‌పీసీలోంచి 100 మ్యూయాన్లు వెళ్తే 95కు పైగా గుర్తించాలి. లేదంటే పక్కన పెట్టాల్సిందే.

2013-14లో ఎల్‌హెచ్‌సీని ఆపినప్పుడు సీఎంఎస్‌లో కొత్తగా 144 ఆర్‌పీసీలు బిగించారు. వాటిలో కొన్నింటిని కూర్చి, పరీక్షించింది మన దేశంలోనే.. ముంబైలోని బార్క్, చండీగఢ్‌లోని పంజాబ్ యూనివర్సిటీల్లో. సెర్న్ చేరాక వాటికి మళ్లీ పరీక్షలు పెట్టారు. ఒకసారి బిగించి మూశాక, మళ్లీ అక్కడికి చేయి పెట్టాలంటే ఏళ్లు ఆగాలి మరి.