బురదను తప్పుకోకండి

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పున, ఓక్లండ్ కొండల్లో రెడ్‌వుడ్ రీజినల్ పార్కు ఉంది. ఫిబ్రవరి నెలాఖరుకు అక్కడి కాలిబాటలు కొన్నిచోట్ల చిత్తడి, కొన్నిచోట్ల అచ్చంగా బురదగుంటలు. గుంట ఎదురుకాగానే దాదాపు అందరూ చేసే పని ఒకటే: బూట్లు పాడవకుండా పక్కనున్న గడ్డి మీదికో ఫెర్న్ మొక్కల మీదికో జరిగి, చుట్టూ తిరిగి వెళ్తారు. చూడడానికి ఇంతకంటే అమాయకమైన పని లేదు. కానీ బురదలో దిగి నడిచినవాడి కంటే దాన్ని అంటుకోకుండా తప్పుకున్నవాడే అడవికి ఎక్కువ చేటు చేస్తాడు. ఈ మాట నమ్మబుద్ధి కాకపోవచ్చు గానీ, నేల స్వభావం చూస్తే లెక్క అలాగే తేలుతుంది.

అక్కడ వానలు పడేది ముఖ్యంగా నవంబరు నుంచి మార్చి దాకా. నడివేసవిలో చినుకు రాలడమే అరుదు. కాబట్టి చలికాలం చివర అంటే నేల కడుపునిండా నీళ్లు తాగి ఉన్న సమయం. ఆ కొండల గడ్డివాలుల మీద చాలాచోట్ల ఉన్నది మన నల్లరేగడికి దగ్గరి చుట్టం. ఎండకు నెర్రెలు విచ్చుతుంది, వానకు ఉబ్బి కాలికున్న చెప్పును లాగేసుకుంటుంది. నేలశాస్త్రంలో రెండూ వర్టిసాల్ అనే ఒకే తరగతి. ఇలాంటి తడినేలను తొక్కితే ఏమవుతుందో వరి పండించేవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. మడిలో నీళ్లు పెట్టి దమ్ము చేసేది ఎందుకు? మట్టిలోని సందులు మూసుకుపోయి నీరు కిందికి ఇంకకుండా నిలవాలని. వరికి వరమైన ఆ దమ్మే కాలిబాటకు శాపం. తొక్కినచోట నీరు నిలుస్తుంది, నిలిచినచోట గుంట పడుతుంది, గుంటను తప్పుకోబోయి జనం అంచును తొక్కుతారు, అంచూ దమ్మవుతుంది. నాలుగు వానలు పడేసరికి మనిషి పట్టే బాట బండి పట్టేంత అవుతుంది.

నేనొక్కణ్ణి పక్కకు జరిగితే ఏం మునిగిపోతుందని అడగవచ్చు. అమెరికా అటవీ శాఖ పరిశోధకుడు డేవిడ్ కోల్ లాంటివారు మొక్కల మీద లెక్కపెట్టి మరీ మనుషులను నడిపించి చూశారు. నష్టం అడుగుల సంఖ్యను బట్టి సమానంగా పెరగదని తేలింది. తొక్కని నేల మీద మొదటి కొద్దిమంది నడకకే పచ్చదనం గబగబా దెబ్బతింటుంది. ఆ తర్వాత ఎందరు నడిచినా అదనంగా చెడేది తక్కువ. అంటే ఇప్పటికే చెడిన బాట మధ్యలో నడిచే వెయ్యో మనిషి దాదాపు నిర్దోషి, అంచు మీద కాలు పెట్టిన పదోవాడు కాడు. తడిగా ఉన్నా, బురదగా ఉన్నా బాట మధ్యలోనే ఒకరి వెనక ఒకరు నడవమని, అడవిలో జాడ మిగల్చకుండా మెలగమనే 'లీవ్ నో ట్రేస్' నియమాలు చెప్పేది ఇందుకే. అయితే ఈ సూత్రానికి హద్దుంది. చీలమండ దాకా దిగబడే చోట మధ్యలో నడిచినా బాట చెడుతుంది. అప్పుడు వెనుదిరగడమే సరైన పని. వెర్మాంట్ రాష్ట్రంలో మంచు కరిగే వేళ, మే నెల చివరిదాకా ఎత్తైన కొండబాటలకు రావద్దని గ్రీన్ మౌంటెన్ క్లబ్ ఏటా నడిచేవారిని బతిమాలుతుంది.

బాట వెడల్పయితే అయింది, అడవి పెద్దదే కదా అనుకుంటే, కథ బాట దగ్గర ఆగదు. రెడ్‌వుడ్ పార్కులో శాన్ లియాండ్రో పరీవాహకానికి చెందిన ఒక వాగు వెంబడి బాట సాగుతుంది. 1855లో డబ్ల్యూ. పి. గిబ్బన్స్ అనే ప్రకృతి పరిశోధకుడు ఈ పరీవాహకపు చేపకే ఇంద్రధనుస్సును తలపించే లాటిన్ పేరు పెట్టాడు. లోకమంతా రెయిన్‌బో ట్రౌట్ అంటున్న చేప అదే. ఇప్పటికీ చలికాలం చివర ఆ చేపలు దిగువ జలాశయం నుంచి ఎదురీదుతూ వచ్చి ఈ వాగులో గుడ్లు పెడతాయి. ఆడచేప గులకరాళ్లలో గుంట తవ్వి గుడ్లు పెట్టి కప్పుతుంది. రాళ్ల సందుల్లోంచి నీరు పారుతుంటేనే ఆ గుడ్లకు ప్రాణవాయువు అందుతుంది. సన్నటి ఒండ్రు పేరుకుంటే ఊపిరాడక చస్తాయి. బాట వెడల్పయిన కొద్దీ గడ్డి పట్టు లేని మట్టి పెరుగుతుంది, అది వానతో వాగులోకి దిగేది కూడా సరిగ్గా గుడ్లు పిల్లలయ్యే నెలల్లోనే. బూటుకు అంటిన బురద మరో దారి పడుతుంది. కాలిఫోర్నియాలో ఓక్, టాన్‌ఓక్ చెట్లను పెద్ద సంఖ్యలో చంపుతున్న 'సడన్ ఓక్ డెత్' తెగులు తడి కాలంలోనే విజృంభిస్తుంది, బూట్ల మట్టితో ఒక అడవి నుంచి ఇంకో అడవికి చేరగలదు. దాన్ని కలిగించే ఫైటోఫ్తొరా అనే సూక్ష్మజీవి మనకు పరాయిదేమీ కాదు. గోదావరి జిల్లాల కొబ్బరికి మొవ్వుకుళ్లు తెచ్చేది ఆ ప్రజాతికి చెందిన మరో జాతే.

ఇంత ప్రమాదముంటే చలికాలమంతా పార్కులు మూసేయరాదా? మూయడం అక్కడ వింతేమీ కాదు. దగ్గర్లోనే ఉన్న టిల్డెన్ పార్కులో, బల్లిలా కనిపించే న్యూట్ అనే ఉభయచరాలు చెరువులకూ వాగులకూ వెళ్తూ కార్ల కింద పడకుండా, సౌత్ పార్క్ డ్రైవ్ అనే రోడ్డును నవంబరు నుంచి మార్చి నెలాఖరు దాకా కార్లకు మూసేస్తారు. కానీ నడకదారులన్నీ మూయడం అన్యాయమే. 1934లో, మహామాంద్యం నడుమ, తమ మీద తామే పన్ను వేసుకుని ఈ పార్కుల వ్యవస్థను నిలబెట్టినవారు అక్కడి ఓటర్లు. పైగా కొండలు పచ్చబడి వాగులు పారేది ఆ కొద్ది నెలలే. తర్వాత ఎండుగడ్డి, కార్చిచ్చు భయం. బురద జారుతుంది, మోకాళ్లు అరిగిన పెద్దలు ఏం చేస్తారన్న అభ్యంతరం మాత్రం న్యాయమైనది. వాళ్లు మట్టిబాట పట్టనక్కర్లేదు. టిల్డెన్‌లోని నిమిట్జ్ వే గానీ, డబ్లిన్, శాన్ రామోన్ ఊళ్ల తెలుగు కుటుంబాలకు అందుబాటులో ఉన్న ఐరన్ హార్స్ ట్రైల్ గానీ గట్టి దారులు, వాన మర్నాడు కూడా నడవవచ్చు. ఫ్రీమాంట్‌లో 2,517 అడుగుల మిషన్ పీక్ ఎక్కేవారిది ఇంకో జబ్బు: అడ్డదారులు. వాలును నిలువునా కోసే ఆ దారిలో నీరు కూడా నిలువునా పరిగెత్తి బాటను కాలువ చేస్తుంది. చుట్టు తిరిగే బాటను అలా వేసింది ఓపిక పరీక్షించడానికి కాదు, నీటి వేగం తగ్గించడానికి.

ఈ ఫిబ్రవరిలో ఆ కొండలకు వెళ్లేవారు కొత్త బూట్లు ఇంట్లోనే వదిలి, పాతవి వేసుకుని, కారులో ఒక గట్టి బ్రష్షు పెట్టుకోండి. గుంటలోంచే నడవండి, తిరిగొచ్చాక కారెక్కే ముందు బూట్ల మట్టిని అక్కడే రాల్చేయండి.