వీపుపై చీకటిగది: కెమెరా సంచి జీవితచరిత్ర

విజయవాడనుండి ఏలూరు పోవు జాతీయ రహదారిని నూజివీడునుండి గుడివాడకు దిగు దారి కలిసెడి చోట, ఆంజనేయస్వామి కోవెల పేర పెరిగిన హనుమాన్ జంక్షన్ కూడలిలో, పెండ్లిముహూర్తముల కాలమున తెల్లవారుజామున నిలిచి చూచువారికి, బస్సులు దిగువారిలోను మోటారుసైకిళ్లు ఆపి టీ త్రాగువారిలోను, వీపున నల్లని పెద్ద బ్యాగు తగిలించుకొన్న యువకులు కొందరు తప్పక కానవత్తురు. వారు పెండ్లి ఫోటోగ్రాఫర్లు. పెండ్లికూతురిని చేయు వేడుకనుండి అప్పగింతలవరకు జరుగు తంతునంతను పట్టి బంధించు సాధనములు ఆ సంచిలోనే ఉన్నవి. కెమెరాను గూర్చి వ్రాయువారు పెక్కురు. ల్యాప్‌టాప్ గుణదోషములను చర్చించువారు అంతకన్న అధికులు. ఆ రెంటిని మోసెడి సంచిని మాత్రము ఎవరును యంత్రముగా పరిగణింపరు. అయినను బరువును ఒక చోటినుండి వేరొక చోటికి మరల్చునది, ఒత్తిడిని పంచునది, కుదుపును మ్రింగునది యంత్రము కాక మరేమగును? ఈ యంత్రమునకు అయిదువేల ఏండ్ల చరిత్ర కలదు.

1991లో ఆస్ట్రియా, ఇటలీ దేశముల సరిహద్దున ఆల్ప్స్ మంచులో, సుమారు 5,300 సంవత్సరముల క్రిందట మరణించిన మానవుని దేహము చెక్కుచెదరక దొరకెను. ఓట్జీ అని పేరు పెట్టబడిన ఆ మంచుమనిషి సామగ్రిలో, వంచిన హేజెల్ కఱ్ఱ యొకటియు, లార్చ్ చెక్క పలకలు రెండును ఉండెను. అవి వీపున మూట కట్టుకొనుటకై చేసికొన్న చట్రపు భాగములని పండితుల ఊహ. కొండ లెక్కువాడు చేతులు ఖాళీగా ఉంచుకొనవలెను గాన వీపును ఆశ్రయించెను. చదునైన డెల్టాలో మనవారికి ఆ అవసరము లేకపోయెను. వారు భుజమున కావడిని, తలపై చుట్టకుదురును నమ్ముకొనిరి.

ఈ రెండును మోటు పద్ధతులని చిన్నచూపు చూడరాదు. కెన్యా స్త్రీలు తమ దేహభారములో అయిదవవంతు వరకు తలపై మోయుచు నడచినను, అందుకు అదనపు శక్తి వ్యయము కానక్కరలేదని 1986లో శాస్త్రజ్ఞులు కొలిచి చూపిరి. ఇక కావడి సంగతి: వంగి లేచెడి బద్దకు బరువు కట్టి పరుగెత్తు మనుష్యులను 1991లో రాడ్జర్ క్రామ్ అను శాస్త్రజ్ఞుడు పరీక్షించి, అట్టి బద్ద భుజముపై పడు దెబ్బ తీవ్రతను మిక్కిలి తగ్గించునని కనుగొనెను. మనిషి అడుగు వేసినప్పుడెల్ల దేహము కొన్ని అంగుళములు లేచి దిగును. దేహమునకు బిగించిన బరువు కూడ దానితో లేచి దిగవలసినదే. కావడి బద్ద వంగుచు లేచుచు ఉండుటచేత బరువు దాదాపు ఒకే మట్టమున సాగిపోవును. 2005లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు లారెన్స్ రోమ్ స్ప్రింగులపై బరువును వ్రేలాడదీసిన వీపుసంచిని నిర్మించి, ఆ సంచి కదలికనుండి 7 వాట్లకు పైగా విద్యుత్తును పుట్టించినప్పుడు లోకము అబ్బురపడెను. మన కావడివాడు విద్యుత్తును పుట్టింపలేదు గాని, ఆ సంచికి మూలమైన సూత్రమును భుజముపై పెట్టుకొనియే నడచెను.

నేటి వీపుసంచి రూపురేఖలు మాత్రము పడమటి దేశముల అడవులలోను కొండలలోను దిద్దబడినవి. 1882లో అమెరికాలోని డులూత్ నగరమున కమిల్ పొయిరియే అను చర్మకారుడు, భుజపట్టీలు, నొసటిపట్టీ గల గుడ్డసంచికి పేటెంటు పొందెను. నార్వే దేశీయుడు ఓలె బెర్గన్, వీపు వంపునకు సరిపోవునట్లు కొమ్మను వంచి సంచికి చట్రముగా అమర్చి 1909లో పేటెంటు గైకొనెను. వీరివలన సంచి వీపునకు అతుకుకొన్నది. బరువు మాత్రము ఇంకను భుజములమీదనే ఉండెను. దానిని భుజములనుండి దింపిన ఘనత కాలిఫోర్నియావాడైన డిక్ కెల్టీకి చెందును. 1952లో అతడు విమాననిర్మాణమున వాడు అల్యూమినియపు గొట్టములతో చట్రమును, నైలాను గుడ్డతో సంచిని చేసి, నడుమునకు పట్టీని చేర్చెను. కుట్టుపని అతని భార్య నీనా చేసెను. తొలి ఏట వారు అమ్మినవి 29 సంచులు మాత్రమే. మనుష్య దేహమున బరువు మోయుటకు పుట్టిన ఎముక తుంటి ఎముక. భుజములు ప్రధానముగా చేతులు ఆడుటకు ఏర్పడినవి. నడుముపట్టీ బరువులో గణనీయమైన భాగమును తుంటిమీదికి, అచ్చటినుండి కాళ్లకును దింపును. 1967లో గ్రెగ్ లో అను పర్వతారోహకుడు చట్రమును సంచి లోపలనే దాచెను. ఛాయాగ్రాహకుడు కూడ నగుటచేత, కెమెరాల కొఱకు మెత్తలు కుట్టిన సంచులను చేయ మొదలిడెను. నేడు బజారులో దొరకు కెమెరా బ్యాగులకు వంశకర్త యితడే యనవచ్చును.

కెమెరాకు వీపు ఎందులకు కావలసివచ్చెను? ఈ ప్రశ్నకు సమాధానము ఛాయాగ్రహణ చరిత్రలోనే కలదు. అమరావతి స్తూపమునుండి మద్రాసు చేరిన శిల్పములను 1858లో లినీయస్ ట్రైప్ అను ఛాయాగ్రాహకుడు ఫోటోలు తీసెను; ఆ కాలమున ఈ విద్య ఒక్క మనిషి మోయగలిగినది కాదు. 1851లో ఆర్చర్ కనుగొన్న తడిపలక పద్ధతిలో, గాజు పలకకు రసాయనమును పూసి, అది ఆరకమునుపే కెమెరాలో పెట్టి, ఆరకమునుపే కడుగవలెను. కావున బయలుదేరిన ఛాయాగ్రాహకుడు బొమ్మ తీయు పెట్టెతోపాటు బొమ్మ కడుగు చీకటిగదిని, అనగా డేరాను, సీసాలను, నీళ్లను, పలకలను బండ్లమీదను కూలీల తలలమీదను వెంట గొనిపోవలసియుండెను. 1871లో మాడక్స్ పొడిపలకను కనుగొనుటతో చీకటిగది ఇంటనే ఉండిపోయెను. హైదరాబాదు నిజాము కొలువున కీర్తి గడించిన రాజా దీన్‌దయాళ్ జీవించిన కాలము, 1844 మొదలు 1905 వరకు, ఈ రెండు యుగములకును సాక్షి. పిదప 1925లో లైకా కెమెరా విపణిలోనికి వచ్చుటతో, ఛాయాగ్రాహకుని సామానంతయు కోటు జేబులో ఇమిడిపోయెను. పల్లె పెండ్లిలో ఫోటో తీసినవాడు నాలుగు ఫిలిం రీళ్లు జేబున వేసికొని వెళ్లి, కడుగుట, అచ్చు వేయుట పట్టణపు స్టూడియోకు విడిచెడివాడు.

డిజిటల్ యుగము ఈ సుఖమును తలక్రిందులు చేసెను. బొమ్మ క్షణములో కనబడును గాన అది క్షణములోనే కావలెనని లోకము అడుగనారంభించెను. ముహూర్తము దాటకముందే నాలుగు బొమ్మలు రంగులు దిద్ది అమెరికాలోని అన్నయ్య ఫోనునకు పంపవలెను. రాత్రి విందునాటికి తెరమీద చూపవలెను. కార్డులు నిండినకొలది ప్రతులు భద్రపరచవలెను. ఇదంతయు చేయునది ల్యాప్‌టాప్. అది నేటి చీకటిగది. నూఱేండ్లకు పైగా ఇంట విశ్రమించిన చీకటిగది మరల ప్రయాణమునకు లేచినది. అయితే ఈ మాఱు బండిగాని కూలిగాని లేదు, ఫోటోగ్రాఫరు వీపే దిక్కయ్యెను. లెక్క వేసి చూడుడు: లెన్సుతో కూడిన కెమెరా కిలోన్నర, 70–200 మి.మీ. లెన్సు కిలోన్నర, రెండవ కెమెరా కిలోకు పైన, ఫ్లాషు బ్యాటరీలు ఛార్జర్లు కలిసి కిలోన్నర, తన ఛార్జరుతో ల్యాప్‌టాప్ రెండున్నర, మెత్తలతో ఖాళీ సంచి రెండు. మొత్తము పది కిలోలు. అరువది కిలోల యువకునికి ఇది తన బరువులో ఆరవవంతు. బడిపిల్లల సంచి వారి దేహభారములో పదవవంతు దాటరాదని 2020లో కేంద్రప్రభుత్వపు విధానము చెప్పెను. ఆ ఏటనే అక్టోబరు 8న మన కృష్ణా జిల్లా పునాదిపాడు పాఠశాలలో ఆరంభమైన విద్యాకానుక అను రాష్ట్రప్రభుత్వ పథకములో పుస్తకములు, బూట్లతోపాటు బడిసంచి కూడ ఉండెను. పిల్లల వీపునకు కొలత చెప్పిన మనము పెద్దవాని వీపును గూర్చి ఆలోచింపకుండుట తగదు.

ఇక ఎన్నిక విషయము. అంగడిలో అమ్మువాడు సంచి ఎన్ని లీటర్లు పట్టునో చెప్పును. కొనువాడు అడుగవలసినది అది తన మొండెమునకు పట్టునా యని. తల వంచినప్పుడు మెడ మొదట ఉబికి కనబడు ఎముకనుండి, తుంటి ఎముకల పైఅంచు మట్టమువరకు గల పొడవే సంచికి ప్రమాణము. సంచి అంతకన్న పొడుగైనచో నడుముపట్టీ తుంటిక్రిందికి జారును. పొట్టిదైనచో కడుపును బిగించును. ఉభయత్రా బరువు భుజములమీదికే వచ్చును. రెండవది బరువు నిలుచు దూరము. పది కిలోల మూట వీపునకు పది సెంటీమీటర్ల వెనుక ఉన్నప్పుడు వెనుకకు లాగు మెలికకన్న, ఇరువది సెంటీమీటర్ల వెనుక ఉన్నప్పటి మెలిక రెండింతలు. దానిని సరిదిద్దుటకు మనిషి నడుము ముందుకు వంచి నడచును, సాయంత్రమునకు వెన్ను నొచ్చును. కావున ల్యాప్‌టాప్ వీపునకు ఆనియు, బరువైన లెన్సులు దానిని ఆనియు, తేలికవి బయటివైపునను ఉండవలెను. లావుగా వెనుకకు ఉబ్బిన సంచికన్న వీపున చదునుగా పరచుకొన్నది మేలు. మూడవది పట్టీ వెడల్పు. రెండున్నర సెంటీమీటర్ల పట్టీ స్థానమున ఏడు సెంటీమీటర్ల మెత్తని పట్టీ వేసినచో, అదే బరువు భుజముపై కలుగజేయు ఒత్తిడి దాదాపు మూడవవంతునకు తగ్గును. ఇరుకుపట్టీ దీర్ఘకాలము నొక్కినచో చేతికి పోవు నరములు తిమ్మిరెక్కును. చేయి వణకిన ఫోటోగ్రాఫరు తలంబ్రాల ఘట్టమున ఏమి తీయగలడు? ఒంటిభుజపు సంచి కెమెరాను చప్పున అందించును, నిజమే. కాని రెండు కిలోలు దాటినపిమ్మట అది దేహమును ఒకవైపునకు ఒరగదీయును.

లోపలి అమరికలో ముఖ్యముగా చూడదగినవి రెండు. ల్యాప్‌టాప్ అర సంచి అడుగును తాకక, నాలుగు వ్రేళ్ల ఎత్తున వ్రేలాడునట్లు కుట్టబడియుండవలెను. లేనిచో సంచిని గచ్చుమీద దింపినప్పుడెల్ల యంత్రపు మూలకు దెబ్బ తగులును. కెమెరా అర వీపువైపున తెరచుకొనునట్టిదైనచో, కిక్కిరిసిన బస్సులో వెనుక నిలిచినవాని చేయి జిప్పు చేరజాలదు. సంచిని మట్టిలో పరుండబెట్టి తెరచినను వీపున ఆనుభాగము బురద కాదు. మోటారుసైకిలుమీద తిరుగువారు పొడవైన సంచిని వర్జింపవలెను. దాని అడుగు సీటునకు తగిలి, పట్టీలు పైకెగసి, సంచి వెనుకకు వాలును.

కృష్ణా డెల్టాలో సంచికి మరొక పరీక్ష కలదు. అది గాలిలోని తేమ. గుడ్డ దారపు లావును డెనియర్లలో చెప్పుదురు. 9,000 మీటర్ల దారము ఎన్ని గ్రాములు తూగునో అన్ని డెనియర్లు. 500 మొదలు 1,000 డెనియర్ల నైలాను రాపిడికి ఓర్చును. కాని ఆ గుడ్డ లోపలివైపు నీరు చొరకుండ పూసెడి పాలీయురెథేన్ పూత, మన ఉక్కపోతలో ఏండ్ల తరబడి ఉన్నచో, నీటి ఆవిరితో చర్యనొంది జిగటయై పొరలు పొరలుగా రాలును. అందుచేత పూతను మాత్రమే నమ్మక వాననుండి కాపాడు విడి తొడుగును వెంట నుంచుకొనవలెను. తడిసిన సంచిలో కెమెరాను మూసియుంచినచో లెన్సు అద్దముమీద బూజు సాలెగూడువలె అల్లుకొనును. ఒకమాఱు లెన్సు పూతను తినిన బూజు మచ్చ తుడిచినను పోదు. సంచి ప్రయాణమునకే గాని నివాసమునకు కాదు. ఇల్లు చేరగానే సామాను తీసి, సంచిని నీడన ఆరవేసి, లెన్సులను సిలికాజెల్ గల గాలిచొరని డబ్బాలో ఉంచుట ఉత్తమము.

అవసరమునుబట్టి సంచి మారును. కైకలూరు చెంత ఆటపాకలో గూడబాతులను, కొంగలను ఫోటో తీయబోవు వారికి ల్యాప్‌టాప్‌తో పని లేదు. 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడిన కొల్లేటి పడవలలో రెండు కిలోల పొడవాటి లెన్సును తడవకుండ పట్టు ఒక్క లోతైన అర చాలును. పెండ్లి ఫోటోగ్రాఫరునకు అరలు అనేకము కావలెను. గన్నవరమున విమానమెక్కి దూరపు పెండ్లికి పోవువాడు వేరొక లెక్క చూడవలెను: సామాన్య తరగతిలో చేతిసంచికి మన విమానసంస్థలు సాధారణముగా అనుమతించునది 7 కిలోలే, విడి లిథియం బ్యాటరీలను సరుకుగదికి పంపరాదు, చేతిసంచిలోనే ఉంచవలెను. ఖాళీ సంచియే రెండున్నర కిలోలు తూగినచో యజమాని సామానుకు మిగులునది ఎంత?

కావున సంచి కొనబోవు మిత్రులకు మనవి. చిత్రపటము చూచి, ధర తగ్గినదని తలచి, ఇంటనే కూర్చుండి తెప్పించుకొనకుడు. మీ కెమెరాలను, లెన్సులను, ల్యాప్‌టాప్‌ను అంగడికే తీసికొనిపోయి, సంచిలో నింపి, నడుముపట్టీని ముందుగా బిగించి, పిదప భుజపట్టీలు సరిచేసి, ఆ అంగడి మెట్లు రెండుమాఱులు ఎక్కి దిగుడు. బరువు తుంటిపై నిలిచి, మెడ తేలికగా తిరిగినచో అది మీ సంచి; లేనిచో ఎంత పేరుగల కంపెనీదైనను అది పరులది. కెమెరా చెడినచో మరొకటి కొనవచ్చును. వెన్నుపూసకు మారు దొరకదు.